తాంబూలాలకు ముందే చెప్పవలసిన మాట

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీకు 23 ఏళ్లు. బీఎస్సీ, బీఎడ్ పూర్తిచేసి డీఎస్సీకి చదువుకుంటున్నారు. మీది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. నాన్నగారికి నాలుగెకరాల పొలం ఉంది, అందులో రెండెకరాలు తాతగారి నుంచి వచ్చినవి. అన్నయ్య అమెరికా చదువుకు ఆ పొలం మీదే అప్పు తెచ్చారు. చెల్లెలికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అబ్బాయి సంబంధం వచ్చింది, పెళ్లిచూపులు అయిపోయాయి, వచ్చే నెలలో తాంబూలాలు పుచ్చుకోవాలని పెద్దలు అనుకుంటున్నారు. రెండేళ్లు ఆగమన్నందుకు అమ్మగారు అన్నం మానేశారు. స్టెంట్ వేయించుకున్న నాన్నగారికి ఏమైనా అయితే ఆ పాపం నీదేనని మేనత్త అన్నారు. మీరడిగినవి మూడు: కాదనడం తప్పా, చట్టం నాకు తోడు నిలుస్తుందా, నీ వల్ల చెల్లెలి పెళ్లి ఆగిపోతుందన్న మాటకు ఏం జవాబు చెప్పాలి.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా కుటుంబ వ్యాజ్యాలు చూస్తున్న న్యాయవాదిని. నా దగ్గరకు వచ్చే ఆడపిల్లల్లో ఎక్కువమంది మీరిప్పుడున్న దశ దాటిపోయినవారు, అంటే పెళ్లయి, బిడ్డ పుట్టి, నగలు తాకట్టులోకి వెళ్లిపోయాక వచ్చినవారు. వాళ్లలో చాలామంది నా ఎదుట కూర్చుని ముందుగా చెప్పే మాట ఒక్కటే: "నాకు అప్పుడే ఇష్టం లేదండీ, నోరు విప్పలేకపోయాను." మీరు నోరు విప్పే వీలున్న రోజుల్లోనే అడిగారు కాబట్టి కొంచెం విస్తారంగానే జవాబిస్తాను.

కాదనడం తప్పు కాదు. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు. మీ ఇంట్లో జరుగుతున్నదంతా నిజానికి మీ ఒక్క మాట కోసమే జరుగుతోంది. మీ అంగీకారంతో పని లేకపోతే అమ్మగారు అన్నం మానవలసిన అవసరమే ఉండేది కాదు. మన పెళ్లి తంతులో కన్యాదానం వేళ "ధర్మేచ, అర్థేచ, కామేచ" అని తండ్రి అడిగితే "నాతిచరామి" అని అల్లుడు జవాబిస్తాడు. ఆ ప్రమాణం మామకూ అల్లుడికీ మధ్య జరుగుతుంది, పెళ్లికూతురు పలకవలసిన మాట ఆ ఘట్టంలో లేదు. తంతులో లేని ఆ మాటను బయట రాబట్టడానికే ఇన్ని కన్నీళ్లు, ఇన్ని ఉపవాసాలు. మౌనం అర్ధాంగీకారం అన్న సామెతను ఆడపిల్ల విషయానికి వచ్చేసరికి మన ఇళ్లలో పూర్తి అంగీకారంగా లెక్కవేస్తారు. పెళ్లిచూపుల రోజు మీరు తల వంచుకుని కూర్చున్నారని రాశారు. మీ పెద్దల దృష్టిలో మీరు ఆ రోజే సగం ఒప్పుకున్నారు. అందువల్ల మీ మౌనాన్ని మీరు నిరాకరణ అనుకుంటూ, వాళ్లు సమ్మతి అనుకుంటూ తాంబూలాల దాకా వెళ్లిపోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

మీ అమ్మానాన్నలు మీ మీద ప్రేమ లేక ఇలా చేస్తున్నారని నేను అనుకోవడం లేదు. వాళ్ల భయానికి ఒక లెక్క ఉంది, దాన్ని మీరు అర్థం చేసుకుంటేనే వాళ్లతో మాట్లాడగలరు. ఆడపిల్లకు వయసు పెరిగే కొద్దీ సంబంధాలు తగ్గుతాయి, కట్నం పెరుగుతుంది అన్నది వాళ్లు కళ్లారా చూసిన విషయం. చదువు పెరిగితే కూడా కట్నం పెరుగుతుంది. వినడానికి విపరీతంగా ఉన్నా ఇదే నిజం. బీఎడ్ చదివిన పిల్లకు అంతకంటే ఎక్కువ చదివిన వరుణ్నే తేవాలని మన ఆచారం పట్టుబడుతుంది, ఎక్కువ చదివిన వరుడి తల్లిదండ్రులు అతని చదువుకైన ఖర్చును మీ నాన్నగారి దగ్గర రాబట్టుకోవాలని చూస్తారు. మిమ్మల్ని చదివించడానికి ఒకసారి, ఆ చదువుకు తగిన వరుణ్ని తేవడానికి మరొకసారి డబ్బు పెట్టవలసి వస్తోందని నాన్నగారు లోపల కుమిలిపోతూ ఉండవచ్చు. మీకు ఉద్యోగం వస్తే కట్నం తగ్గుతుందా అంటే, కొన్ని కుటుంబాల్లో తగ్గుతుంది, కొన్నింటిలో జీతం కూడా కట్నంలో భాగంగా లెక్కకు వస్తుంది. నేను రెండూ చూశాను.

ఈ లెక్క సనాతనమైనదని ఎవరైనా అంటే నమ్మకండి. అగ్రహారాల్లో పసిపిల్లలను ముసలివారికి కట్టబెట్టి కన్యాశుల్కం పుచ్చుకున్న రోజులు ఎంతో దూరంలో లేవు. అనేక ఇతర కులాల్లో మగపెళ్లివారే ఆడపిల్ల తండ్రికి ఓలి ఇచ్చుకునేవారు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండి, డబ్బు చేరి, మగపిల్లలు పట్నాలకు పోయి ఇంగ్లీషు చదువులు చదివి ఉద్యోగాలలో కుదురుకున్న కొద్దీ చదువుకున్న వరుడికి వెల కట్టడం మొదలై, క్రమంగా ఓలి ఇచ్చిన కులాలే కట్నం అడిగే స్థితికి వచ్చాయి. మీ పల్నాటికి సాగర్ కుడి కాలువ నీళ్లు వచ్చింది 1967లో. ఆ తరువాతి పత్తి, మిర్చి పైర్ల డబ్బు పెళ్లిళ్ల మీద ఎలా పారిందో మీ నాయనమ్మగారిని అడిగితే, తన పెళ్లికీ తన కూతురి పెళ్లికీ మధ్య ఉన్న తేడా చెప్పి మీకు నాకంటే బాగా వివరిస్తారు. నాలుగు తరాల్లో దిశ తిరిగిపోయిన ఆచారాన్ని మార్చరానిదని చెప్పడం సరికాదు.

చట్టం వచ్చినప్పుడు కుటుంబాలు ఏం చేశాయో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ చెల్లెలి విషయంలో ఇది పనికొస్తుంది. ఆడపిల్లకు 14 ఏళ్లు నిండనిదే పెళ్లి చేయరాదని శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ గడువు లోపలే పెళ్లిళ్లు ముగించాలని దేశమంతటా తొందరపడ్డారు. ఆ తరువాత కూడా మన గోదావరి జిల్లాల వాళ్లు బండ్లు కట్టుకుని ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం వెళ్లి, అక్కడ ఈ చట్టం వర్తించదు కాబట్టి, పసిపిల్లల పెళ్లిళ్లు చేసుకుని వచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురమన్న పేరే ఉంది. 1978లో ఆడపిల్లల వయసు 18కి పెరిగింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 29.3 శాతం మందికి, తెలంగాణలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లి అయిపోయింది. ఆడపిల్లల పెళ్లి వయసును 21కి పెంచుతామని కేంద్రం 2021 డిసెంబరులో ఒక బిల్లు తెచ్చింది, అది 17వ లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. అది చట్టమైనా మీకు ఒరిగేదేమీ లేదు, మీకు 23. మేజరైన ఆడపిల్ల మాటకు ఇంట్లో విలువ ఎలా వస్తుందన్నది వయసు పెంచినంత మాత్రాన తేలే విషయం కాదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా నిలబెట్టిన వాక్యానికి వస్తాను. "అన్నయ్య చదువుకు పొలం తాకట్టు పెట్టారు, నా పెళ్లికి అందులో ఒక ఎకరం అమ్ముతారట, అందుకే నేను భారమని అనిపిస్తోంది" అని రాశారు. ఈ వాక్యంలో అన్నయ్య చదువు పెట్టుబడి, మీ పెళ్లి ఖర్చు. ఇద్దరికీ వెళ్తున్నది ఒకే పొలం. ఆడపిల్ల "ఆడ" పిల్లే, అంటే అవతలి ఇంటి పిల్లే, అని చమత్కారంగా అంటూ ఉంటారు. ఆ మాట పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగిన పిల్లకు తన వాటాతో తన పెళ్లి జరుగుతోందన్న సంగతి కూడా తండ్రి దయలా కనిపిస్తుంది.

వాస్తవం ఏమిటంటే, తాతగారి నుంచి వచ్చిన ఆ రెండెకరాలు పిత్రార్జితమైతే అందులో మీకు, మీ చెల్లెలికి, మీ అన్నయ్యకు సమానమైన హక్కు పుట్టుకతోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ అవివాహితలైన కూతుళ్లకు ఈ హక్కునిచ్చింది. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినా కాకపోయినా కూతురికి ఈ హక్కు వచ్చింది, ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉన్నారా లేదా అన్న దానితో సంబంధం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీత శర్మ కేసులో తేల్చింది. నాన్నగారు సంపాదించుకున్న మిగతా రెండెకరాలు ఆయన ఇష్టం. ఆయన వీలునామా రాయకుండా పోతే మాత్రం అవి కూడా మీ అమ్మగారికి, మీ ముగ్గురికీ, అప్పటికి మీ నాయనమ్మగారు ఉంటే ఆమెకు కూడా సమంగా వస్తాయి. ఏది పిత్రార్జితమో తేల్చడానికి దస్తావేజులు చూడాలి, తాతగారికి అది ఎలా వచ్చింది, పంపకాలు ఎప్పుడు జరిగాయి అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి, కాబట్టి కాగితాలు చూడకుండా నేను ఇంతకు మించి చెప్పను. ఇంట్లో దావా వేయమని కూడా చెప్పడం లేదు. "నాకు ఇచ్చేదాన్ని పెళ్లివారికి ఇవ్వకండి, నా పేరనే ఉంచండి" అని మీరు అడిగితే అది అత్యాశ కాదని మీరు లోపల నమ్మాలి, అందుకోసం చెబుతున్నాను. పెళ్లి సమయంలో పసుపు కుంకుమలు ఇస్తున్నాం కాబట్టి హక్కు వదులుకున్నట్లు సంతకం పెట్టమని కొన్ని ఇళ్లలో కాగితం ముందు పెడతారు. దాని మీద వెంటనే సంతకం పెట్టకండి.

కట్నంగా వెళ్లిన డబ్బు ఎక్కడికి పోతుందో నాకు నా ఇంట్లోనే తెలిసింది. మా అక్కకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం రెండేళ్లు తిరగకముందే ఆమె ఆడపడుచు పెళ్లి కోసం అమ్ముడుపోయింది. ఆ ఆడపడుచుకు ఇచ్చిన డబ్బు ఆమె అత్తవారింట్లో ఇంకెవరి లాంఛనాలకో పోయి ఉంటుంది. ఒక ఆడపిల్ల పేరు చెప్పి బయలుదేరిన సొమ్ము ఆడపిల్లల పేర్ల మీదుగానే ఊళ్లు తిరుగుతుంది, ఏ ఆడపిల్ల చేతిలోనూ నిలవదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం పెళ్లికి ఎవరు తీసుకున్నా ఆ సొమ్మును మూడు నెలల్లో వధువుకు అప్పగించాలి. ఇన్నేళ్ల వృత్తిలో, కేసు వేయకముందే ఆ సెక్షన్‌ను పాటించిన కుటుంబం ఒక్కటి కూడా నా కంట పడలేదు.

ఇప్పుడు అమ్మగారి ఉపవాసం, నాన్నగారి గుండె. ఇవి మాటల్లో తేలేవి కావు కాబట్టే వీటిని జాగ్రత్తగా చూడాలి. నాన్నగారి ఆరోగ్యం గురించి మీకు నిజంగా ఆందోళన ఉంటే, ఆయనకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరకు మీరే తోడు వెళ్లండి, ఏ మందులు వేసుకోవాలి, ఎంత నడవాలి, దేనికి భయపడాలి అన్నవి మీ చెవులతో వినండి. ఆ పని చేసిన కూతుర్ని పట్టుకుని "నీ వల్లే" అనడం మేనత్తగారికి కూడా కష్టమవుతుంది, అంతకంటే ముఖ్యంగా మీ మనసులో ఉన్న అపరాధ భావం తగ్గుతుంది. అమ్మగారి విషయంలో ఒక మాట గమనించండి. రేపు మీ పెళ్లి ఆలస్యమైతే ఊళ్లో మొదట ప్రశ్నలు ఎదురయ్యేది నాన్నగారికి కాదు, ఆమెకు. పేరంటంలో, బావి దగ్గర, బంధువుల ఇంట్లో "పిల్లకు ఇంకా చూడలేదా" అని అడిగేది ఆమెనే. పెంపకం బాగాలేదన్న నింద కూడా ఆమె మీదకే వస్తుంది. గుండెల మీద కుంపటి అని ఆడపిల్లను అంటారు కానీ, ఆ కుంపటిని రాజేసేది పదిమంది నోళ్లు. ఆమెతో ఒంటరిగా కూర్చుని, పెళ్లి ప్రస్తావన పక్కన పెట్టి, తనకు 23 ఏళ్లప్పుడు ఏం చేయాలని ఉండేదో అడగండి. ఈ ప్రశ్నకు నా ఎదుట ఏడ్చిన తల్లులు ఉన్నారు. మరునాడే అంతా మారిపోతుందని నేను అనను, కానీ ఆమె మీ ఎదురుగా కాక మీ పక్కన కూర్చునే అవకాశం అక్కడి నుంచి మొదలవుతుంది.

మాట చెప్పే తీరు గురించి. "ఇప్పుడే వద్దు" అన్న మాటను ఎవరూ వినరు, ఎందుకంటే ఎప్పుడన్నది అందులో లేదు. "ఈ సంబంధం నాకు వద్దు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా రెండు డీఎస్సీలు రాస్తాను, ఈలోగా ప్రైవేటు బడిలో పనిచేసి నా ఖర్చు నేనే పెట్టుకుంటాను, ఫలానా సంవత్సరం ఉగాది తరువాత సంబంధాల గురించి నేనే మీతో మాట్లాడతాను" అన్నది చర్చించగలిగిన మాట. తేదీ, డబ్బు, పని, ఈ మూడూ అందులో ఉండాలి. నియామకాల ప్రకటన ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు కనుక ఉద్యోగానికి ముడిపెట్టి గడువు చెప్పకండి, సంవత్సరం చెప్పండి. బడిలో జీతం చిన్నదే అయినా, నెలనెలా మీ సొంత ఖాతాలో పడే ఆ చిన్న మొత్తం మీ మాటకు ఇచ్చే బరువు పెద్దది. ఇంట్లో గొడవ జరిగే సమయంలో, అన్నం ముందు, బంధువుల మధ్య ఈ మాట చెప్పకండి. నాన్నగారు స్థిమితంగా ఉన్న ఉదయం చూసి చెప్పండి, ఆ తరువాత ఎన్నిసార్లు అడిగినా అవే మాటలు, అదే గొంతుతో చెప్పండి. ఒకరోజు ఒకలా, మరోరోజు ఇంకోలా చెబితే మెత్తబడిందనుకుని ఒత్తిడి పెంచుతారు.

కాదన్న వెంటనే "ఎవరున్నారు?" అని అడుగుతారు. ఆడపిల్ల తన కోసం తాను కాదనగలదని మన సమాజం ఇంకా నమ్మలేకపోతోంది, కాదంటే వెనక ఒక మగవాడు ఉండి తీరాలని అనుకుంటుంది. ఎవరూ లేరని మీరు రాశారు. ఆ ప్రశ్నకు ఏడవకుండా, కోపపడకుండా, ఫోను దాచకుండా ఒక్కసారి లేరని చెప్పి మళ్లీ మీ మాటకే రండి. ఫోను తీసేసుకోవడం, కోచింగ్ మాన్పించడం ఈ దశలోనే జరుగుతాయి. కాబట్టి ఈ సంభాషణకు ముందే పది మెమో, ఇంటర్, డిగ్రీ, బీఎడ్ ఒరిజినల్స్, ఆధార్, బ్యాంకు పుస్తకం ఎక్కడున్నాయో చూసుకుని, నకళ్లు నమ్మకమైన స్నేహితురాలి ఇంట్లో ఉంచండి. ఖాతాకు మీ సొంత నంబరే జతపరచుకోండి. ఇది తల్లిదండ్రుల మీద అనుమానం కాదు. గొడవలో ఒక చించివేత చాలు, ఏడాది తిరగాల్సి వస్తుంది. ఒక పిల్ల బీఎడ్ మెమో పొయ్యిలో పడితే నకలు తెప్పించుకోవడానికి ఆమె పడిన పాట్లు నాకు తెలుసు.

ఇంట్లో ఒక మనిషిని మీ వైపు తెచ్చుకోండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా మనం గౌరవించే ఆవిడకు ఎనిమిదేళ్ల వయసులో పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని ఆమె నిరాకరించినప్పుడు తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ తరువాత చదువు, న్యాయవాద వృత్తి, ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ సభ్యత్వం. రాజమండ్రిలో 1909లో పుట్టిన పిల్ల వంద ఏళ్ల కిందట కాదనగలిగిందంటే ఆమె ధైర్యం ఎంతటిదో, తలుపు తెరిచి పట్టుకున్న ఆ ఇద్దరి విలువ కూడా అంతటిదే. మీ విషయంలో ఆ పాత్ర అన్నయ్య తీసుకోవాలని నాకు బలంగా అనిపిస్తోంది. ఆయన చదువు కోసం పొలం తాకట్టులోకి వెళ్లింది, ఆయన మాటకు ఆ ఇంట్లో విలువ ఉంది. "నా అప్పు తీరేదాకా చెల్లికి తొందరపడకండి, ఆ ఎకరం అమ్మకండి" అని ఆయన ఒక్క ఫోను చేస్తే మీరు నెలరోజులు చెప్పిన దానికంటే ఎక్కువ వినిపిస్తుంది. అలా వినిపించడమే అసమానత అని నాకు తెలుసు, అయినా ఆయన గొంతును ఇప్పుడు వాడుకోవడానికి వెనకాడకండి. ఆయన కాకపోతే పిన్నిగానీ, మేనమామగానీ, మీకు చదువు చెప్పిన టీచరుగానీ.

ఆ అబ్బాయికి చెప్పాలా అని అడగలేదు కానీ చెప్పడం మంచిది. ఇష్టం లేని పెళ్లిలోకి అతన్ని కూడా తెలియకుండా లాగుతున్నారు. మీ పెద్దవాళ్లకు స్పష్టంగా చెప్పిన తరువాత కూడా తాంబూలాల పనులు ఆగకపోతే, పిన్ని లేదా మేనమామ పక్కన ఉండగా ఫోన్ చేసి, "మీలో లోపం ఏమీ లేదు, నేను ఇప్పుడు పెళ్లికి సిద్ధంగా లేను, ఈ మాట మా ఇంట్లో చెప్పాను" అని మాత్రం చెప్పండి. రాత్రిపూట ఒంటరిగా మెసేజ్ పెట్టకండి, అది పదిమంది చేతుల్లోకి పోయి మరో కథ అవుతుంది. తాంబూలాలకు ముందు ఆగితే సంబంధం కుదరలేదంటారు. తాంబూలాల తరువాత ఆగితే పరువు పోయిందంటారు. ఆ రెండిటి మధ్య తేడాను మీ మీద చాలా కర్కశంగా ప్రయోగిస్తారు. అందుకే ఈ నెల మీకు విలువైనది.

చట్టం సంగతి. మేజరైన స్త్రీ తనకు నచ్చిన వ్యక్తిని పెళ్లి చేసుకోవచ్చునని 2006లో లతా సింగ్ కేసులోను, జీవిత భాగస్వామిని ఎంచుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని 2018లో షఫీన్ జహాన్ కేసులోను సుప్రీంకోర్టు చెప్పింది. ఎంచుకునే హక్కులో వద్దనే హక్కు కూడా ఉన్నట్లే. గృహహింస చట్టం కోడళ్లకు మాత్రమే అనుకుంటారు, అది పొరపాటు. 2005 నాటి ఆ చట్టం రక్తసంబంధంతో ఒకే ఇంట్లో ఉంటున్న కూతుళ్లకు కూడా వర్తిస్తుంది. దాని కింద 2006లో వచ్చిన నియమాలలోని ఫిర్యాదు నమూనాలో, ఇష్టం లేకుండా పెళ్లికి బలవంతపెట్టడం, తమకు నచ్చినవాణ్నే చేసుకోమనడం, ఉద్యోగం చేయనివ్వకపోవడం మాటలతోను మానసికంగాను చేసే హింస కింద విడివిడిగా రాసి ఉన్నాయి. అంటే మీ ఇంట్లో జరుగుతున్నదానికి ప్రభుత్వ కాగితం మీద ఒక పేరుంది. గదిలో పెట్టి తాళం వేస్తే, కొడితే, మరో ఊరికి తరలించి పెళ్లి చేయాలని చూస్తే 112కి గానీ మహిళల సహాయవాణి 181కి గానీ ఫోన్ చేయండి. జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం కొద్దిరోజుల వసతి, న్యాయ సలహా ఇస్తుంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ప్రకారం వచ్చే హక్కు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు, ఫోను నంబరు 15100.

అయితే చట్టానికి ఉన్న పరిమితి కూడా చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్లు అవుతుంది. బలవంతంగా సమ్మతి తీసుకున్న పెళ్లిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద అడగవచ్చు, ఆ బలవంతం ఆగిన ఏడాదిలోపు అడగాలి, ఆ తరువాత ఇష్టపూర్వకంగా కాపురం చేసి ఉండకూడదు. నా అనుభవంలో, తల్లి అన్నం మానేసింది, తండ్రికి గుండెజబ్బు అని ఒప్పుకున్నాను అంటే దాన్ని బలవంతంగా నిరూపించడం చాలా కష్టం. ఏడిపించి ఒప్పించిన పెళ్లి కాగితాల మీద ఒప్పుకున్న పెళ్లిగానే కనిపిస్తుంది. ఠాణాకు వెళితే కూడా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, "అమ్మానాన్నల కంటే నీకెవరు ఎక్కువ" అని చెప్పి పంపించిన సందర్భాలు నేను చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు నోటిమాటగా వదలకుండా తేదీతో రాసిన ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. పెళ్లికి ముందు మీ నోటిమాటకున్న బలం పెళ్లి తరువాత ఏ సెక్షన్‌కూ లేదు.

ఇక చెల్లెలు. "నీకు కాకపోతే దానికెలా అవుతుంది" అన్న మాటకు జవాబు ఏమిటంటే, ఆమెకు 17 ఏళ్లు, ఆమె పెళ్లి గురించి ఇప్పుడు మాట్లాడటమే తప్పు. మీ మీద ఒత్తిడి పనిచేయకపోతే ఆ సంబంధాన్నే, లేదా మరోదాన్ని, చెల్లెలి వైపు తిప్పే ప్రమాదం ఉంది. నా దగ్గరకు వచ్చిన రెండు కుటుంబాల్లో సరిగ్గా ఇదే జరిగింది, పెద్దది మొండికేసిందని చిన్నదాన్ని పీటల మీద కూర్చోబెట్టారు. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం 18 నిండని పిల్లను చేసుకున్న మేజరైన వరుడికి, పెళ్లి జరిపించినవారికి, అందుకు పూనుకున్న తల్లిదండ్రులకు రెండేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు, అయితే స్త్రీలకు జైలు శిక్ష ఉండదు. ముందే తెలిస్తే మెజిస్ట్రేటు ఆపివేత ఉత్తర్వు ఇవ్వగలరు, ఆ ఉత్తర్వును ధిక్కరించి చేసిన పెళ్లి అసలు చెల్లదు. మండలంలో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ అధికారులకు చెబితే చాలు, చెప్పినవారు ఎవరన్నది ఊరికి తెలియనవసరం లేదు. ఈ విషయం నాన్నగారిని బెదిరించడానికి వాడకండి, కానీ మాట అటు తిరిగిన రోజున ఆలస్యం చేయకండి.

ఆమెతో మీరు ఇప్పుడే మాట్లాడాలి. అక్క పెళ్లి వద్దనడం వల్ల ఇంట్లో గొడవలు వస్తున్నాయని ఆ పిల్ల మీ మీద కోపంగా ఉండవచ్చు, లేదా తన వంతు కోసం భయపడుతూ ఉండవచ్చు. పుట్టినతేదీ ఉన్న ఆమె పది మెమో నకలు ఒకటి మీ కాగితాలతో పాటే ఉంచండి. పిల్లల సహాయవాణి నంబరు 1098. దాన్ని ఆమె ఫోన్‌లో రాసి ఇవ్వకండి, ఫోను లాగేసుకోవచ్చు. కంఠతా వచ్చిందాకా నాలుగుసార్లు ఆమె చేతనే చెప్పించండి.